రేడియోగ్రఫీ కెమెరా ఉన్న బండి పోతే ఏమవుతుంది? చెన్నైలో పనిచేసేవాళ్లు చెప్పండి

ఆర్టీ_శ్రీకాకుళం
శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో ఒక ఎన్‌డీటీ (వస్తువుని పగలగొట్టకుండా లోపలి లోపాలు పరీక్షించే) కంపెనీలో రేడియోగ్రఫీ ట్రెయినీగా ఉన్నాను. పైపుల వెల్డింగ్ జాయింట్లలో లోపల పగుళ్లేమైనా ఉన్నాయా అని ఫిల్మ్ తీస్తాం, దానికి ఇరిడియం-192 సోర్స్ (రేడియేషన్ వెదజల్లే చిన్న లోహపు గుళిక) ఉన్న కెమెరా వాడతాం. పని ఎక్కువగా రాత్రిపూటే, సైట్‌లో జనం తగ్గాక. ఎన్నూరు వైపు పని ముగించుకుని తెల్లవారుజామున వస్తూ దారిలో పికప్ వ్యాన్ ఆపి డ్రైవరుతో సహా అందరం టీకి దిగిపోతాం. కెమెరా పెట్టెకు తాళం ఉంటుంది, బండికీ తాళం వేస్తాం, అయినా నాకు మనసు ఒప్పదు. ఒకరైనా బండిలో ఉందాం అంటే సీనియర్లు "దాన్ని ఎవడు ఎత్తుకుపోతాడురా, పోయినా వాడేం చేసుకుంటాడు" అంటున్నారు. నిజంగా ఎవరికీ అక్కర్లేని వస్తువా అది? ఇలాంటివి పోయి దొరికిన కేసులు ఉన్నాయా?

ఆర్ఎస్ఓ_ప్రసాద్
శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, నీ అనుమానం సరైనదే. మీ సీనియర్లు చెప్పిందాంట్లో సగం నిజం. కెమెరా కోసమే వచ్చే దొంగ చాలా అరుదు. వాడికి కావలసింది బండి, అందులో ఏముందో వాడికి తెలియదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

2013 డిసెంబర్ 2న మెక్సికోలో ఏం జరిగిందో చూడు. టిహువానాలో ఒక ఆస్పత్రి నుంచి పాత క్యాన్సర్ చికిత్స యంత్రం తాలూకు కోబాల్ట్-60 సోర్స్‌ని వ్యర్థాల కేంద్రానికి తీసుకెళ్తున్న లారీ హిడాల్గో రాష్ట్రంలో పెట్రోల్ బంకు దగ్గర రాత్రి ఆగింది. ఇద్దరు తుపాకీలతో వచ్చి డ్రైవర్‌ని దించి లారీ పట్టుకుపోయారు. వాళ్లకు కావలసింది లారీ, కానీ లోపల సుమారు 3,000 క్యూరీల (రేడియోధార్మికత కొలత) కోబాల్ట్ ఉంది. రెండు రోజుల తర్వాత హ్వేపోష్ట్లా అనే ఊరి దగ్గర పొలంలో దొరికింది, అప్పటికే రేడియేషన్‌ని ఆపే కవచం లోంచి సోర్స్ బయటికి వచ్చేసింది. దాన్ని మళ్లీ పెట్టెలోకి ఎక్కించడానికి మనిషి వెళ్లే పరిస్థితి లేక రోబో తెప్పించారు, ఆ పనికి ఇంకో వారం పట్టింది.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ దగ్గర 1993 నుంచి నమోదైన దొంగతనాల్లో సగానికి పైగా రవాణాలో ఉన్నప్పుడు జరిగినవే. అంటే ప్లాంటు గోడ దూకి కాదు, నువ్వు చెప్పిన టీకొట్టు దగ్గరే. సోర్స్ ఉన్న బండిని మనిషి లేకుండా వదలకూడదు, ఇందులో "కాసేపే కదా" అనడానికి చోటు లేదు. ఎవరు ఏమన్నా ఈ విషయంలో నువ్వు తగ్గకు.

అంబత్తూర్_కిరణ్
శనివారం, రాత్రి 10:31

నాది సాఫ్ట్‌వేర్, ఈ ఫీల్డ్ కాదు, తెలుసుకుందామని అడుగుతున్నా. ఒకవేళ పోయింది అనుకుందాం. సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) పట్టుకుని బండిలో తిరిగితే దొరికిపోదా? రేడియేషన్ వస్తూనే ఉంటుంది కదా.

ఆర్ఎస్ఓ_ప్రసాద్
శనివారం, రాత్రి 11:04

చాలామంది ఇలాగే అనుకుంటారు కిరణ్ గారూ, అందుకే లెక్క వేసి చూపిస్తా.

సోర్స్ లోపల ఉండి కెమెరా తాళం వేసి ఉంటే, మీటరు దూరంలో గంటకు ఒక 20 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత, వెయ్యి అయితే ఒక మిల్లీసీవర్ట్) వస్తుంది అనుకోండి. దూరం పది రెట్లయితే తీవ్రత వంద రెట్లు తగ్గుతుంది. అంటే పది మీటర్ల దగ్గర 0.2. మన చుట్టూ మామూలుగా ఉండే సహజ రేడియేషనే గంటకు 0.1 మైక్రోసీవర్ట్ దాకా ఉంటుంది. మధ్యలో ఒక ఇటుక గోడ, నాలుగు కార్ల ఇనుము ఉంటే ఇక మామూలు మీటర్‌లో ముల్లు కదలదు. ఇంతకంటే సున్నితమైన పరికరాలు కల్పాక్కం, ముంబై అణు కేంద్రాల్లో ఉన్నాయి కానీ అవి కూడా ఏ పేటలో వెతకాలో ఎవరో ఒకరు చెబితేనే పనికొస్తాయి.

ఇప్పుడు అదే సోర్స్, 30 క్యూరీలది అనుకుందాం, కవచం లేకుండా బయట పడిందనుకోండి. మీటరు దూరంలో గంటకు సుమారు 144 మిల్లీసీవర్ట్‌లు. మామూలు మనిషికి ఏడాది మొత్తానికి పెట్టిన పరిమితి 1 మిల్లీసీవర్ట్, అది అర నిమిషం లోపే దాటిపోతుంది. వంద మీటర్ల అవతల కూడా గంటకు 14 మైక్రోసీవర్ట్‌లు ఉంటుంది కాబట్టి మీటర్ అరుస్తుంది, వెంటనే పట్టేస్తారు. కానీ అప్పటికి దాన్ని ఎవరో చేత్తో ముట్టుకుని ఉంటారు.

మూసి ఉన్నప్పుడే అది దొరకాలి, మూసి ఉన్నప్పుడేమో పరికరాలకు దొరకదు. చూసిన మనిషి నోరు విప్పితేనే దొరుకుతుంది.

మణలి_సుజాత
ఆదివారం, ఉదయం 7:20

ప్రసాద్ గారి మెసేజ్ రాత్రి చదివాక నిద్ర పట్టలేదు. మాది మణలి, చుట్టూ రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీలు, మా సందు చివర కూడా ఇలాంటి పికప్ వ్యాన్లు ఆగుతుంటాయి. పసుపు రంగు స్టిక్కర్, మధ్యలో మూడు రెక్కల గుర్తు. మా పిల్లలు దాన్ని ఫ్యాన్ బొమ్మ అంటారు. అది చూస్తే దూరం జరగాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, నిన్నటి దాకా నాకూ తెలియదు. రోడ్డు పక్కన అలాంటి పెట్టె పడి ఉంటే మాలాంటివాళ్లం ఎవరికి చెప్పాలండీ?

పాతసామాన్ల_రమణ
ఆదివారం, ఉదయం 11:48

అక్కా, మీ ప్రశ్నకి పెద్దలు చెబుతారు. నేను అవతలి పక్క నుంచి చెబుతాను, ఎందుకంటే పోయిన పెట్టె చివరికి వచ్చేది మా దగ్గరికే.

మాది నెల్లూరు వైపు, తాత కాలం నుంచి చెన్నైలో పాత సామాన్ల వ్యాపారం, ఇప్పుడు పుదుపేటలో కొట్టు. ఒక పెట్టె వచ్చిందనుకోండి, మేం మొదట చేసేది అయస్కాంతం ఆనించడం. అంటుకుంటే మామూలు ఇనుము, తూకం వేసి కుప్పలో పడేస్తాం. అంటుకోకపోతే స్టెయిన్‌లెస్సో ఇత్తడో సీసమో, అప్పుడు రేటు వేరు. చూడ్డానికి చిన్నగా ఉండి ఎత్తితే నడుం పట్టేసేంత బరువు ఉందంటే లోపల సీసం ఉందని అర్థం. మా వాళ్లకి అది పండగే. ఉలి, సుత్తి తీస్తారు, లొంగకపోతే గ్యాస్ కట్టర్. ప్రసాద్ గారు చెప్పే కెమెరా సరిగ్గా ఇలాగే ఉంటుంది. స్టిక్కర్ సంగతంటారా, బ్యాటరీ మీద పసుపు స్టిక్కర్, యాసిడ్ క్యాన్ మీద పసుపు స్టిక్కర్, ట్రాన్స్‌ఫార్మర్ మీద కూడా. రోజంతా వాటి మధ్యే కూర్చునేవాడు దాన్ని చదవడు.

2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో పోయిన ప్రాణం మాలాంటివాడిదే. అది దొంగతనం కూడా కాదు. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో 1985 తర్వాత వాడకుండా పడేసిన గామా యంత్రాన్ని తుక్కు కింద వేలం వేసేశారు. కొన్నవాళ్లు కోశారు, లోపల కోబాల్ట్-60. ఒకతను చిన్న ముక్కని పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఒకరు చనిపోయారు, ఇంకా చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. చదువుకున్నవాళ్లు ఉన్న చోటి నుంచి వచ్చిన సరుకే అలా ఉంటే మాకు ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట, ఇది ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. ఒకవేళ మా వాడికి అనుమానం వచ్చిందే అనుకోండి, ఫోన్ చేస్తాడా? చేయడు. చేస్తే మొదటి ప్రశ్న "ఎవడి దగ్గర కొన్నావు?" రెండోది "బిల్లు ఏది?" దొంగసొత్తు కొన్నాడని కేసు, కొట్టు సీలు. అందుకని రాత్రికి రాత్రి ఆ పెట్టెని ఆటోలో వేసి ఏ కూవం నది ఒడ్డునో పడేసి వస్తాడు. తప్పే, కానీ జరిగేది ఇదే. ముందు ఆ భయం తీసేయండి, మీ పెట్టె అదే తిరిగొస్తుంది.

అంబత్తూర్_కిరణ్
ఆదివారం, మధ్యాహ్నం 12:30

రమణ గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ పోయిన వెంటనే టీవీలో వేసేస్తే ఊరంతా టెన్షన్ పడదా? వాట్సాప్‌లో "చెన్నైలో అణుబాంబు" అని తిరుగుతుంది. పైగా దొంగకి అది విలువైనదని మనమే చెప్పినట్టవుతుంది. రెండు రోజులు గప్‌చుప్‌గా వెతికి, దొరక్కపోతే అప్పుడు చెప్పడం మేలు కదా.

కొలిమి_మూర్తి
ఆదివారం, మధ్యాహ్నం 2:05

కిరణ్, ఆ రెండు రోజుల్లో అది నా ఫర్నేస్‌లో కరిగిపోవచ్చు.

నేను గుమ్మిడిపూండిలో స్టీలు కరిగించే యూనిట్‌లో ఉంటాను. ఒకసారి కొలిమిలో పడ్డాక వెనక్కి తీయడం ఉండదు, ఏ పదార్థం ఎటు పోతుందన్నదే లెక్క. కోబాల్ట్ అయితే స్టీలులోనే కలిసిపోతుంది. సీజియం ఆవిరై పొగ వెంట వెళ్లి ధూళిలో చేరుతుంది. అమెరీషియం స్లాగ్‌లోకి (కరిగిన లోహం మీద తేలే మడ్డిలోకి) పోతుంది. మెక్సికోలోనే 1983 చివర్లో హువారెజ్‌లో పాత ఆస్పత్రి యంత్రంలోని కోబాల్ట్ ఇలాగే తుక్కులో కలిసి ఇనుప కడ్డీలుగా మారి ఇళ్ల కట్టుబడికి వెళ్లిపోయింది. ఎలా బయటపడిందంటే 1984 జనవరిలో ఆ కడ్డీలు తీసుకెళ్తున్న లారీ దారి తప్పి అమెరికాలో లాస్ అలమోస్ ల్యాబ్ గేటు ముందుకి వెళ్లింది, అక్కడి అలారం మోగింది. లారీ దారి తప్పకపోయి ఉంటే ఇంకెన్ని ఇళ్లలోకి వెళ్లేదో.

థాయ్‌లాండ్ కేసు అయితే మొన్నటిదే, 2023 మార్చి. ప్రాచిన్‌బురిలో పవర్ ప్లాంట్ నుంచి సీజియం-137 ఉన్న గొట్టం కనపడకుండా పోయింది, బరువు 25 కిలోలు. ఎప్పుడు పోయిందో ప్లాంటు వాళ్లకే సరిగా తెలియదు. వెతికితే ఒక స్టీలు ఫ్యాక్టరీలో ధూళి సంచుల్లో సీజియం బయటపడింది. గొట్టం మాత్రం లేదు.

మా గేటు దగ్గర డిటెక్టర్ ఉంది. చుట్టుపక్కల చిన్న యూనిట్లన్నిటికీ లేదు. ఉన్నచోట కూడా లారీ నిండా తుక్కు మధ్యలో కవచంతో సహా పూడుకుపోయి వస్తే అది మోగుతుందని గ్యారంటీ లేదు, ప్రసాద్ గారి లెక్కే ఇక్కడా. "ఫలానా పెట్టె పోయింది, ఇలా ఉంటుంది" అని ఫోటో నా ఫోన్‌కి వస్తే ఆ వారం నేనే కుప్ప దగ్గర నిలబడతాను.

డాక్టర్_లలిత
ఆదివారం, సాయంత్రం 4:50

కిరణ్ గారి ప్రశ్నలో న్యాయం ఉంది, భయం వల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, మూసేసిన క్లినిక్ నుంచి ఇద్దరు ఎత్తుకొచ్చిన సీజియం యంత్రాన్ని తుక్కు వ్యాపారి కొన్నాడు. లోపలి పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే ముచ్చటపడి బంధువులకి పంచాడు. నలుగురు చనిపోయారు, అందులో ఆరేళ్ల పాప ఉంది. 249 మంది మీద ఆ పొడి కనిపించింది. కానీ భయంతో స్టేడియం దగ్గర వరుస కట్టి పరీక్ష చేయించుకున్నవాళ్లు లక్షా పన్నెండు వేల మంది.

అయితే ఆ భయం ముందే చెప్పడం వల్ల రాలేదు, రెండు వారాలు ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చింది. అందరికీ ఒకేసారి జబ్బు చేస్తోందని, ఆ పొడి మీద అనుమానపడి సంచిలో వేసుకుని బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకి తీసుకెళ్లింది ఆ వ్యాపారి భార్యే. ఆమె కదిలాకే ప్రభుత్వం కదిలింది. చనిపోయిన ఆ నలుగురిలో ఆమె కూడా ఉంది.

ఇంకొకటి స్పష్టంగా చెప్పాలి. శ్రీకాకుళం తమ్ముడి కెమెరాలో ఉండేది పొడి కాదు, సీలు చేసిన లోహపు గుళిక. అది పగలనంతవరకు ఊళ్లో గాలి, నీరు పాడవవు. దాని దగ్గర నిలబడ్డవాడి నుంచి ఇంకొకరికి అంటుకోదు. దెబ్బ తగిలేది దగ్గరికి వెళ్లినవాడికి, ముట్టుకున్నవాడికి. కానీ ఆ దెబ్బ మామూలుది కాదు. 1999లో పెరూలోని యనాంగోలో ఒక వెల్డర్ కింద పడి ఉన్న ఇరిడియం గుళికని ఏదో అనుకుని ప్యాంటు వెనక జేబులో వేసుకుని ఇంటికి వెళ్లాడు. ఆ కాలు మొత్తం తీసేయాల్సి వచ్చింది.

కష్టం ఏంటంటే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. వేడి తగలదు, నొప్పి ఉండదు. కొన్ని గంటలకి వాంతులు, ఫుడ్ పాయిజన్ అనుకుంటారు. కొన్ని రోజులకి చర్మం ఎర్రబడి బొబ్బలు, మంట తగిలిన గుర్తు మాత్రం పేషెంట్‌కి ఉండదు. అలాంటి కాలిన గాయంతో తుక్కు పనివాడో సైట్ కూలీయో వస్తే "ఈమధ్య ఏదైనా చిన్న లోహపు వస్తువు దొరికిందా?" అని అడగాలి. ఊళ్లో సోర్స్ పోయిందని డాక్టర్లకి తెలిస్తేనే కదా ఆ ప్రశ్న తోచేది.

అంబత్తూర్_కిరణ్
ఆదివారం, సాయంత్రం 5:12

సరే డాక్టర్ గారూ. ఇది నేను ఆలోచించలేదు. అయితే చెప్పే పద్ధతి ఒకటి ఉండాలి కదా, "రేడియోధార్మిక పదార్థం చోరీ" అని ఎర్రక్షరాల బ్రేకింగ్ న్యూస్ కాకుండా.

ఆర్ఎస్ఓ_ప్రసాద్
ఆదివారం, రాత్రి 8:26

పద్ధతి ఉంది. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గనిలోని సీజియం గేజ్‌ని (కొలత పరికరాన్ని) లారీలో పెర్త్‌కి పంపిస్తే కుదుపులకి బోల్టు ఊడి, ఆ కంతలోంచి గుళిక రోడ్డు మీద పడిపోయింది. 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల మందం, వెతకాల్సిన దారి 1,400 కిలోమీటర్లు. తెలిసిన రెండు రోజులకే అధికారులు అందరికీ చెప్పారు. ఎంత ఉంటుందో బొమ్మ వేసి చూపించారు, కనిపిస్తే ఐదు మీటర్ల దూరంలో ఆగి ఈ నంబరుకి ఫోన్ చేయండి అన్నారు. ఫిబ్రవరి 1న డిటెక్టర్ బిగించిన బండి 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే రోడ్డుకి రెండు మీటర్ల పక్కన దొరికింది. అక్కడ కవచం లేదు కాబట్టి పరికరం పట్టింది, దారి తెలుసు కాబట్టి ఎక్కడ తిరగాలో తెలిసింది. మన కెమెరా విషయంలో ఈ రెండూ ఉండవు.

మెక్సికో వాళ్లు 2013 తర్వాత ఇలాంటి చోరీలు ఇంకొన్ని చూశారు. బండి రకం, పెట్టె రూపం, ఫోన్ నంబరు రాసి చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటికీ హెచ్చరిక పంపిస్తారు. 2015లో టబాస్కోలో పోయింది మన దగ్గర వాడే ఇరిడియం-192 సోర్సే, కొద్ది రోజుల్లో తెరవకుండానే దొరికింది.

సుజాత గారూ, మీ ప్రశ్నకి ఆలస్యమైంది. అలాంటి పెట్టె గానీ, దాని లోంచి ఊడిన తీగలాంటిది గానీ కనిపిస్తే ముట్టుకోవద్దు, కాలితో కూడా జరపొద్దు. 30 మీటర్ల దూరం జరిగి మిగతావాళ్లని ఆపండి, 112కి ఫోన్ చేసి "రేడియేషన్ గుర్తు ఉన్న పెట్టె" అనండి. అక్కడి నుంచి పోలీసులు ఏఈఆర్‌బీకి (అణుశక్తి నియంత్రణ మండలికి) చెబుతారు, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం చెన్నైలోనే ఉంది. అవసరమైతే అరక్కోణంలో ఎన్‌డీఆర్ఎఫ్ నాలుగో బెటాలియన్, కల్పాక్కం నిపుణులు వస్తారు. దొరికిన దాన్ని మళ్లీ కవచంలోకి ఎక్కించడం వాళ్ల పని, మనది కాదు.

రమణ గారు చెప్పిన కేసు భయం గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు, అది పోలీసులే చెప్పాలి. నేను సోర్స్ పోయిన కంపెనీలో ఉంటే ఎఫ్ఐఆర్ ఇచ్చే రోజే అధికారిని బతిమాలి ఒక మాట ప్రకటించమంటాను: తెచ్చి ఇవ్వనక్కర్లేదు, ఎక్కడుందో చెబితే చాలు, చెప్పినవాడిని దొంగగా చూడం అని. పెట్టెని చేత్తో మోసుకుని రమ్మనడం ఎలాగూ తప్పు.

పాతసామాన్ల_రమణ
ఆదివారం, రాత్రి 9:10

ఆ ఒక్క మాట అధికారి నోటి నుంచి వస్తే చాలు సార్. మా సంఘం పెద్దల చేత వీధి వీధి చెప్పిస్తాను.

ఆర్టీ_శ్రీకాకుళం
మంగళవారం, రాత్రి 10:37

అందరికీ చాలా థాంక్స్. నిన్న మా ఆర్ఎస్ఓ (రేడియేషన్ భద్రత అధికారి) గారి దగ్గరికి వెళ్లి ఈ థ్రెడ్ మొత్తం చూపించాను. సీనియర్ల పేర్లు చెప్పలేదు. ఆయన చదివి, ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టారు. ఇక మీద సోర్స్ ఉన్న బండిలో ఎప్పుడూ ఒక మనిషి, టీ కావాలంటే వంతులవారీగా దిగాలి. కెమెరా పెట్టెని బండి ఛాసిస్‌కి గొలుసుతో బిగిస్తారు, బండికి జీపీఎస్ అడిగారు, అది మేనేజ్‌మెంట్ ఒప్పుకోవాలి. కెమెరా సీరియల్ నంబరు, ఫోటోలు, ఆ రోజుకి సోర్స్ ఎన్ని క్యూరీలు అన్నది బండిలోని కాగితాల్లోనే కాదు, ఆఫీసులోనూ ఒక కాపీ ఉంచుతున్నాం. బండితో పాటు కాగితాలు కూడా పోతే పోలీసులకి ఏం పోయిందో చెప్పడానికి ఏమీ ఉండదని ఆయనే అన్నారు. ఒక సీనియర్ మాత్రం నాతో మాట్లాడటం లేదు, పర్వాలేదు.

రమణ అన్నా, మా ఆర్ఎస్ఓ గారు మీ వీధిలో అంటించడానికి ఒక పోస్టర్ చేద్దామంటున్నారు. ఏం పెట్టాలో చెబుతారా?

పాతసామాన్ల_రమణ
మంగళవారం, రాత్రి 11:20

చెప్పక ఏం తమ్ముడూ. స్టిక్కర్ బొమ్మ చిన్నగా వేసినా పర్లేదు, కెమెరా ఫోటో పెద్దగా ఉండాలి, పెట్టెలో ఉన్నప్పుడు ఒకటి, బయటికి తీసినప్పుడు ఒకటి. పక్కన మనిషి చెయ్యి ఉండాలి, సైజు తెలుస్తుంది. కొత్తగా ఎర్ర త్రికోణంలో పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న గుర్తు ఒకటి ఉందట కదా, అది వేయండి, చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. "చిన్నగా ఉండి బరువుగా ఉంటే కోయొద్దు" అని మొదటి లైను. రేడియేషన్ అన్న మాట రెండో లైనులో రాయండి. అరవంలో, తెలుగులో, హిందీలో మూడింట్లో కావాలి, మా దగ్గర కట్టర్ పట్టుకునే కుర్రాళ్లలో బీహార్ వాళ్లే ఎక్కువ.

మణలి_సుజాత
బుధవారం, ఉదయం 6:55

అరవం నేను రాసిపెడతాను. మణలిలో మా సందుకి కూడా నాలుగు కాపీలు ఇవ్వండి.

కొలిమి_మూర్తి
బుధవారం, ఉదయం 8:14

గుమ్మిడిపూండికి యాభై. తుక్కు దించే చోట, లారీ డ్రైవర్లు టీ తాగే చోట అంటిస్తాం. ప్రసాద్ గారూ, కింద 112 ఒక్కటే వేయాలా, కంపెనీ నంబరు కూడా వేయాలా?

ఆర్ఎస్ఓ_ప్రసాద్
బుధవారం, ఉదయం 9:02

రెండూ వేయండి. కంపెనీ నంబరు మాత్రం రాత్రి రెండింటికి కూడా మనిషి ఎత్తేదై ఉండాలి, అది ముందు మీ ఆర్ఎస్ఓతో ఖాయం చేసుకో తమ్ముడూ, తర్వాతే ప్రింటుకి పంపు.